ఒబ్దూలియా అడగకుండా రాసిన లైను

మెక్సికోలోని లెయోన్ ఊళ్లో, మా బూట్ల ఫ్యాక్టరీలో ఒబ్దూలియా అంటే అందరికీ హడల్. పద్నాలుగో ఏట అట్టలకు జిగురు పూస్తూ పనిలో చేరింది. ముప్పై దాటాక సాయంకాలం బడిలో చదువుకుని, తోలు కోసే ప్రెస్సులకు ప్రోగ్రాములు రాయడం నేర్చింది. నోరు తెరిస్తే తిట్లే. అలాంటి మనిషితో పోట్లాట పెట్టుకున్నాను. తప్పు నాదేనంటే సగమే ఒప్పుకుంటాను.

మా ప్రెస్సుకు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే కత్తి దిగుతుంది. చేతులు బటన్ల మీదుంటే కత్తి కింద ఉండవు కదా, అదీ ఏర్పాటు. కానీ మాకు కూలి జతల లెక్కన. అందుకే ఒక బటన్‌ను తోలు పీలికతో బిగించి కట్టేసి, ఖాళీ అయిన చేత్తో తోలు జరుపుతాం. అలా జరుపుతూనే తొమ్మిదేళ్ల కిందట నా చూపుడువేలు పోగొట్టుకున్నాను. గాయం మానగానే మళ్లీ పీలిక కట్టాను. పొట్ట వేళ్లు లెక్కపెట్టదు.

ఒక సోమవారం నా ప్రెస్సు కదల్లేదు. ఒబ్దూలియా ప్రోగ్రాములో ఒక లైను చేర్చింది: కోత కోతకూ మధ్య రెండు బటన్లనూ వదిలారా చూడు, వదలకపోతే కోతకు పోకుండా ‘ఆగు’ అన్నచోటికి దూకు. కట్టేసిన బటన్‌ను వదిలేదెక్కడ!

“నీకేం పోయేకాలం? మా నోటికాడి కూడు లాక్కుంటావా?” అని మీదపడ్డాను.

“నోర్ముయ్యవే హెర్మీ! ఆ కూడు తినడానికైనా చెయ్యుండాలి కదే!”

అరుపులు విని సూపర్‌వైజర్ దోన్ ఎలియాసర్ వచ్చాడు. చేతిలో గ్వాకమాయా. వేయించిన పందితోలు కుక్కి, ఎర్రకారం పోసిన రొట్టె అది.

“ఆ లైను తీసెయ్యమ్మా. జతలు పడిపోతున్నాయ్. ఎవరి చెయ్యి వాళ్లు చూసుకుంటార్లే, పసిపిల్లలా?”

ఆమె అక్కడికక్కడే తీసేసింది. తర్వాత ఆయన చేతిలోని రొట్టె లాక్కుని కత్తి కింద పెట్టింది. కట్టేసిన బటన్ అలాగే ఉంది. రెండోదాని మీద వేలు ఆనించింది.

“తీసుకోండి సార్, మీ టిఫినే కదా. మీ చెయ్యి మీరు చూసుకోండి.”

పనివాళ్లంతా గుమిగూడారు. ఆయన రెండు చేతులూ జేబుల్లో దోపుకున్నాడు.

“పిచ్చెక్కిందా నీకు?”

“ఏం, భయమా? హెర్మీ రోజుకి వెయ్యిసార్లు పెడుతోంది!”

ఒబ్దూలియా మళ్లీ ఆ లైను రాసింది. ఒక చేత్తో కట్టని బటన్ గట్టిగా నొక్కి, రెండో చెయ్యి కత్తి కిందికి పోనిచ్చింది. ప్రెస్సు కదల్లేదు. రొట్టె తీసి కసిగా కొరికింది.

“సరే, ఆ లైను ఉంచుకుని ఏడు,” అని గొణుక్కుంటూ ఆయన గుమ్మం వైపు నడిచాడు.

“ఎంతసేపు పట్టింది రాయడానికి?” అని ఒబ్దూలియాను అడిగాను.

“పావుగంట. పదేళ్లుగా అడుగుతున్నా, ఆయన వద్దంటూనే ఉన్నాడు. ఈసారి అడగలేదు.”

పదేళ్లు. అంటే నా వేలు పోవడానికి ఏడాది ముందు నుంచీ.

దోన్ ఎలియాసర్ ఇంకా గుమ్మం దాటలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన్ని సార్ అనకుండా పిలిచాను.

“ఇలా రారా!”