గురవయ్య తలకు పెట్టిన కరెంటు

రిటైరయ్యే ముందు చివరి రెండేండ్లు మార్కాపురంలో ఒక ప్రైవేటు మానసిక వైద్యశాలలో హెడ్ నర్సుగా పనిచేసినాను. చేరిన ఏడాది ఎండాకాలంలోనే అక్కడికి కొత్త మిషను వచ్చింది. డిప్రెషన్ ఉన్నవాళ్ల తలకు సన్నగా, రెండు మిల్లీఆంపియర్ల కరెంటు ఇచ్చే మిషనది. షాక్ ట్రీట్‌మెంటు కాదు. మత్తు అక్కర్లేదు, మనిషి కుర్చీలో మెలకువగానే కూర్చోనుంటాడు. ఉప్పునీళ్లలో తడిపిన రెండు స్పాంజీలు నుదుటిపైన చెరోపక్క కట్టి అరగంట ఉంచాలి. కాస్త చిమచిమమంటుంది, అంతే. దాన్ని నడిపే పని డాక్టరుగారు నాకప్పగించినారు.

గురవయ్య యర్రగొండపాలెం పక్కన గొర్రెల కాపరి. మూడు నెలలుగా మాట లేదు, సరిగా తిండి లేదు, మంద మొహం చూసింది లేదు. మాత్రలతో కొంచెమే మేలు. భార్య నారాయణమ్మ అతన్ని తీసుకొని మార్కాపురంలో చెల్లెలింట్లో దిగింది. మందను మరిది పది రోజులే చూస్తానన్నాడంట. ఆలోపు మనిషి తేరుకోకపోతే గొర్రెల్ని అమ్మేయడమేనని నాతో ముందే చెప్పింది. వాళ్లకు ఇంకో బతుకుతెరువు లేదు.

మొదటిరోజు గురవయ్యను కూర్చోబెట్టి, రోజూ తలస్నానం చేసి రావాలని, నూనె పెట్టకూడదని చెప్పినాను. తల ఊపినాడు.

రెండోరోజు నుంచి మిషను మీద ఎర్ర లైటు. స్పాంజీ చర్మానికి సరిగా తగల్లేదని దాని అర్థం. ఉప్పునీళ్లు ఇంకొంచెం పోసినాను, పచ్చ లైటు వెలిగింది. నీళ్లు చెంపల మీదికి కారుతుంటే తుడిచి, రిజిస్టర్లో 'సక్రమం' అని రాసినాను. జిడ్డేమో ఎండాకాలపు చెమట అనుకున్నా. ముప్పై ఏండ్ల సర్వీసు, నాకు తెలియందేముందిలే అని ధీమా.

ఎనిమిదో రోజుకూ మనిషిలో మార్పు లేదు. నారాయణమ్మ గొర్రెల బేరగాడికి కబురు పెట్టింది. ఆరోజు స్పాంజీలు కడుగుతుంటే ఆముదం వాసన తగిలింది. ఆమెను పిలిచి అడిగినా. కరెంటుకు తల వేడెక్కుతుందని భయపడి, రోజూ పొద్దున మాడుకూ నుదుటికీ ఆముదం అద్ది, పైపైన తుడిచి తెస్తున్నానంది.

"వద్దని చెప్పినాను గదమ్మా," అన్నా.

"ఎవరికి చెప్పినావక్కా? ఆయనకా? ఆయన నాతో మాట్లాడక మూడు నెలలాయె."

జిడ్డు కరెంటును లోపలికి పోనీయదు. నేను పోసిన నీళ్లేమో దాన్ని చర్మం మీదనే అటూ ఇటూ పారించినాయి. డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పి చీవాట్లు తిన్నాను. మాత్రలు అట్లనే ఉంచి, రోజుల లెక్క మొదటి నుంచి పెట్టుకుందామన్నారు. తప్పు నాదని నారాయణమ్మతో ఒప్పుకొని, ఇంకో పది రోజులు ఆగమని బతిమాలినా. ఆమె మరిదికి ఫోన్ చేసి, బేరగాణ్ని ఆపింది.

ఈసారి రోజూ కుంకుడుకాయతో ఆమే తల రుద్ది తెచ్చింది. తొమ్మిదో రోజు నేను స్పాంజీలు విప్పుతుంటే గురవయ్య భార్య వైపు తిరిగినాడు.

"ఆ కుంటి గొర్రె ఎట్లుంది?"

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మంద అమ్మలేదు.

ఈ మిషను అందరికీ ఇంత పని చేయదు. గురవయ్యలో మాత్రల పాలెంతో, దీని పాలెంతో నేను చెప్పలేను. నేను మార్చుకున్నది ఒకటే. ఆనాటి నుంచి జాగ్రత్తలు రోగికీ చెప్పినా, అతని తల కడిగే మనిషికీ చెప్పినా. ఆ మనిషి అవే మాటలు నాకు తిరిగి అప్పజెప్పేదాకా స్విచ్ వేయలేదు.