చివరి వాక్యంతో సహా

సెయింట్ జాన్ నది లోయలో సెప్టెంబరు వచ్చిందంటే తెల్లవారి ఐదింటికి ప్రతి వంటింట్లోనూ ఫిలొమెన్ సిరోవా గొంతు వినబడేది. బంగాళాదుంపలు తవ్వే కాలం అది. బళ్ళకు మూడు వారాలు సెలవు. పొయ్యి మీద అట్లు కాలుతుంటే, పిల్లలు నిద్రకళ్ళతో బూట్లు వెతుక్కుంటుంటే, ఆమె రేడియోలో ముందు వాతావరణం చదివేది. ఆ తర్వాత ఏ పొలంలో ఎన్నింటికి తవ్వకం మొదలవుతుందో చదివేది. ఇంగ్లీషులో ఒకసారి, ఫ్రెంచిలో ఒకసారి.

నిజానికి ఆమె ఆ రేడియో కేంద్రంలో ఫోన్లు ఎత్తడానికి చేరిన మనిషి. చదివే ఆయనకు గొంతు పోతే, రెండు రోజులు నువ్వు చదివిపెట్టు అన్నారు. ఆ రెండు రోజులు ఇరవై ఆరేళ్ళయ్యాయి. పెళ్ళి చేసుకోలేదు. రొట్టెల దుకాణం మీద రెండు గదుల్లో ఉండేది. ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు ఒనెజీమ్ కుటుంబమంతా ఆ రెండు గదుల్లోనే ఇరుక్కుని కూర్చుని, ఆమె వండిన కోడి తిని వెళ్ళేవాళ్ళు.

చేరిన ఏడాదే ఆమె ఒక తప్పు చేసింది. కాగితంలో మధ్యాహ్నం వాన అని ఉంటే, కిటికీలోంచి ఆకాశం చూసి, "తెరిపిగానే ఉంది లెండి" అని తన మాట ఒకటి కలిపింది. మధ్యాహ్నం రెండింటికి నలభై మంది పిల్లాజెల్లా నడిపొలంలో తడిసి ముద్దయ్యారు. ఆ పొలం ఆసామి కేంద్రానికి వచ్చి, తిట్టకుండా కొట్టకుండా, నీళ్ళోడుతున్న తన టోపీ తీసి ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఫిలొమెన్ కాగితంలో లేని మాట ఒక్కటి కలపలేదు, ఉన్న మాట ఒక్కటి వదలలేదు. వాతావరణ కార్యాలయం వాళ్ళు ఫోనులో చెప్పింది పెన్సిలుతో రాసుకుని, తిరిగి వాళ్ళకే చదివి వినిపించి, అప్పుడు మైకు ముందు కూర్చునేది.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఒనెజీమ్‌కున్న దుంపలు తవ్వే యంత్రం ఇరుసు విరిగింది. కొత్తది వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా లోయలో అందరి దుంపలూ కొట్లకు చేరాయి. అతనివి పన్నెండెకరాలు మట్టిలోనే ఉండిపోయాయి. నేల గడ్డకట్టించి దుంపల్ని పాడుచేసే చలిగాలి సోమవారం రాత్రికి గానీ రాదని శనివారం కబురు. సోమవారం పగలంతా చేతిలో ఉందని అతను ధైర్యంగానే పడుకున్నాడు. ఆదివారం పొలంలో దిగడమన్నది అక్కడ లేదు. దిగాలంటే చర్చిలో ఫాదర్ లాబ్రీ అనుమతి ఇవ్వాలి.

ఆదివారం రేడియోలో ఆమెకు పని లేదు. అయినా ఆరింటికి తనే కార్యాలయానికి ఫోను చేసింది. అవతలివాళ్ళు చెప్పింది రాసుకుని, తిరిగి చదివి, ఆ కాగితం పట్టుకుని ప్రార్థనకు ముందే ఫాదర్ దగ్గరికి వెళ్ళింది.

ఆయన కాగితం చదివి కళ్ళజోడు తీశాడు. "ఇంకా తవ్వనిది ఎవరమ్మా?"

"మా తమ్ముడు ఒక్కడే, ఫాదర్."

"అదే నా భయం. రెండేళ్ళ కిందట చలి వస్తుందని అనుమతి ఇచ్చాను. రాలేదు. ఇప్పటికీ నన్ను చూస్తే కోటు తెచ్చుకున్నారా ఫాదర్ అని అడుగుతారు. ఇప్పుడు నీ తమ్ముడి కోసం నేను చెబితే ఏమనుకుంటారు? నువ్వే చదువు. విన్నాక వాళ్ళిష్టం."

బలిపీఠం ముందున్న కటకటాలు దాటి ఆడవాళ్ళు వెళ్ళే రోజులు కావవి. ఇవతలే నిలబడింది. మొదటి వరసలో ఒనెజీమ్ టోపీని మోకాళ్ళ మధ్య నలుపుతూ కూర్చున్నాడు. ఫిలొమెన్ రేడియోలో చదివినట్టే చదివింది.

"చలిగాలుల అంచు అనుకున్నదానికంటే వేగంగా దిగివస్తోంది. ఈ సాయంత్రం ఏడింటికి లోయను తాకుతుంది. ముందు వాన, వెనకాలే గాలి వాయవ్యానికి తిరుగుతుంది. తెల్లవారేసరికి వేడి గడ్డకట్టే స్థాయికి పన్నెండు డిగ్రీలు కిందకి పడుతుంది."

అక్కడ ఆగితే సరిపోయేది. తమ్ముడు తలెత్తి ఆమె వంకే చూస్తున్నాడు. చర్చిలో అందరూ ఇద్దరినీ చూస్తున్నారు. ఆమె కాగితం మీదకి వంగింది.

"అయితే ఈ అంచు రేపు మధ్యాహ్నం దాకా ఆలస్యమయ్యే అవకాశం కూడా కొంత ఉంది."

ఒనెజీమ్ పొలంలో సాయానికి దిగాలనుకున్నవాళ్ళు దిగవచ్చని ఫాదర్ అన్నాడు. బయట మెట్ల మీద ఒనెజీమ్ ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"ఏమక్కా, ఆ చివరి ముక్క మింగేస్తే నీ సొమ్మేం పోయేది?"

"అందులో ఉందిరా."

"ఉంటే? గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గితే అయిపోయేది కదా! చూడు, అందరూ ఇళ్ళకు పోతున్నారు."

సగం మంది నిజంగానే పోయారు. రేపటిదాకా ఆగేదానికి ఇవాళ భోజనం ఎందుకు చెడగొట్టుకోవాలని. పక్క పొలం రోసైర్ పెల్టియే మాత్రం పెళ్ళాం, ఆరుగురు పిల్లలతో ట్రక్కులో దిగాడు. వస్తూనే వేళాకోళం మొదలెట్టాడు.

"మీ అక్క ఆ చివరిది చదవకపోతే నేను వచ్చేవాణ్ణి కాదు, జీమ్. తమ్ముడి కోసం వండిన కబురనుకునేవాణ్ణి."

"నువ్వొక్కడివి వచ్చావు సరే. పోయినవాళ్ళ మాటేంటి?"

"నా పెళ్ళాం ఇద్దరి పెట్టు. వంగు, వంగు!"

పది గంటలకు నలభై ఒక్కమంది ఉన్నారు. యంత్రం రెండేసి వరసలు పెళ్ళగించుకుంటూ పోతుంటే, వెనకాల అందరూ మోకాళ్ళ మీద పాకుతూ బుట్టలు నింపి పీపాల్లో గుమ్మరించారు. ఫిలొమెన్ ప్రార్థనకు వేసుకున్న గౌను మీదే గోనె చుట్టుకుని దిగింది. యాభై రెండేళ్ళ మనిషి. రెండు వరసలకే నడుం పట్టేసింది. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని మూడో వరసలోకి పాకింది.

ఏడింటికి రావాల్సింది నాలుగు కాకముందే వచ్చింది. ముందు వెచ్చటి గాలి చప్పున ఆగిపోయింది. పడమట కొండలు కనబడకుండా పోయాయి. వాన పొలాన్ని అడ్డంగా కొడుతూ వచ్చింది. కాసేపు వానలోనే ఏరారు. మట్టి చక్రాలకు చుట్టుకుని యంత్రం ఆగిపోయాక అందరూ ట్రక్కుల కింద దూరారు. రెండెకరాల పైచిలుకు మిగిలిపోయింది. ఆ రాత్రి నేల గడ్డకట్టింది. ఆ దుంపలు తర్వాత పశువులకు కూడా పనికిరాలేదు.

ట్రక్కు పక్కన నిలబడి ఒనెజీమ్ అన్నాడు: "ఇంకో ముప్పై మంది ఉంటే అవి కూడా పైకొచ్చేవి."

"వచ్చేవి," అంది ఫిలొమెన్.

అతను ఆమెను ఇంటి దగ్గర దింపి వెళ్ళిపోయాడు. ఆ చలికాలమంతా ఆదివారం భోజనానికి పెళ్ళాన్నీ పిల్లల్నీ పంపించాడు. తను రాలేదు. ఫిలొమెన్ కూడా పిలవలేదు, సంజాయిషీ చెప్పలేదు. ఒక పళ్ళెం మూతపెట్టి మరదలి చేతికిచ్చి పంపేది. అది ఖాళీగా తిరిగి వచ్చేది.

మరుసటి సెప్టెంబరు మూడో వారంలో, సాయంత్రం, కేంద్రానికి ఫోను వచ్చింది. ఒనెజీమ్ గొంతు.

"సిరోవా వాళ్ళ పొలం. రేపు ఎనిమిదింటికి, మంచు కరిగాక. రాసుకో."

ఫిలొమెన్ రాసుకుని, అందరికీ చదివినట్టే అతనికీ తిరిగి చదివింది. "అంతే," అన్నాడు. ఫోను మాత్రం పెట్టలేదు.

"ఈ ఆదివారం కోడి ఉంటుందా?"

"ఉంటుంది."

"కార్యాలయం వాళ్ళు చెప్పారా, నువ్వే చెబుతున్నావా?"

"నేనే చెబుతున్నాను," అంది ఫిలొమెన్. "పన్నెండింటికి రా."