గడువు దాటినవాళ్ల హత్యలు

ఆళ్లగడ్డ గ్రంథాలయంలో పనిచేసే దీవెన నంద్యాల వారపత్రికకు హత్య కథలు రాస్తుంది. హంతకుణ్ణి పట్టేది ఎప్పుడూ ఒక లైబ్రేరియనూ, ఆమె పిల్లీ. చచ్చేది మాత్రం పుస్తకం తీసుకెళ్లి ఎగ్గొట్టినవాడే. అలాంటివాళ్లంటే దీవెనకు ఒళ్లుమంట. పేరు మారుస్తుంది గానీ మీసం, అంగడి, నడక అచ్చంగా దించేస్తుంది.

ఎరువుల అంగడి మాధవయ్య తన చావు చదువుకుని, ఎగ్గొట్టిన పుస్తకం పట్టుకుని ఊడిపడ్డాడు.

"ఏందమ్మా, నన్ను యూరియా మూటల కింద సంపేసినావు?"

"పుస్తకం తెచ్చినావు గదన్నా, ఇంక సంపనులే," అంది దీవెన నవ్వాపుకుంటూ.

మాధవయ్య కంగారుపడ్డాడు. "అట్లనొద్దు తల్లీ! సచ్చిన మనిషిని చూడాలని శిరివెళ్ల నుంచి గూడా బేరాలొస్తాండాయి. ఇంకో పుస్తకం ఇయ్యి, వాపసిచ్చేదే లేదు. ఈతూరి సంపేటప్పుడు మీసం కొంచెం దట్టంగా రాయి."