ఎడమకాలి నరాలు, ఎండుమిర్చి సీజను

మిర్చి యార్డులో నలభై ఏండ్లుగా అడ్తి వ్యాపారం, అంటే రైతుల సరుకు కమీషను మీద అమ్మిపెట్టే పని చేస్తున్నాను. ఇన్నేళ్ళలో సీజను రోజుల్లో నేను కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ఎడమకాలి నుంచి చెప్పు నిండా రక్తం కారుతున్నా జెండా పాట పూర్తిచేసి, ధర ఖాయం చేసి, ఆ తర్వాతే దవాఖానకు పోయిన మనిషిని.

ఆ రోజు సంగతే ముందు చెబుతాను. చలి తగ్గి కొత్త మిర్చి రావడం మొదలైంది. మా దగ్గర ప్రతి ఉదయం యార్డుకు వచ్చిన సరుకులో అన్నిటికంటే మంచి కుప్ప దగ్గర వ్యాపారులంతా చేరి వేలం పాడతారు. దాన్ని జెండా పాట అంటాం. అక్కడ పలికిందే ఆ రోజుకు పై ధర. ఆ ఉదయం జెండాకు నిలిచిన కుప్ప తొర్రూరు రైతుది. అతను నా అడ్తికే తెచ్చాడు కాబట్టి పాట నేనే ఎత్తుకున్నాను. కాసేపటికి ఎడమ చెప్పులో తడి తగిలింది. ఎవరో నీళ్ళు ఒలకబోశారనుకున్నాను. మా హమాలి ఐలయ్య కిందికి చూశాడు.

"సేటూ, కాలుకేమైంది? నెత్తురు కారుతాంది."

"మిర్చి రంగురా. జర పక్కకు జరుగు."

నొప్పి లేదు మరి. చీలమండ పక్కన ఉబ్బిన నరం మీద కొన్నాళ్ళుగా చిన్న పొక్కు ఉండేది. అది చిట్లింది. అంత ఎర్రటి మిర్చిలో రక్తం నా కంటికే ఆనలేదు.

ఇంతవరకు నిజం. పాట పూర్తిచేశానన్నది మాత్రం కాస్త సాగదీసిన మాట. నాలుగు కేకలు వేశానో లేదో కళ్ళు చీకట్లు కమ్మి బస్తాల మీద ఒరిగిపోయాను. పాట పూర్తిచేసింది నా తమ్ముడు. ఐలయ్య తన తలరుమాలు విప్పి కాలికి చుట్టాడు. ఆటోలో కూర్చోబెట్టి తీసుకుపోయారు. కాలు కిందికి వేలాడుతుంటే రుమాలు నానిపోయి ఆటోలో చుక్కలు పడ్డాయి. దవాఖానలో డ్యూటీ డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కాలు పైకెత్తి, గాజుగుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టాడు. కొద్దిసేపట్లో ఆగింది.

"ఇంతదూరం కూర్చోబెట్టుకొనే తెచ్చిన్రా? పడుకోబెట్టి కాలు లేపి ఒత్తితే అక్కడనే ఆగేది కద," అన్నాడు తమ్ముడితో.

అసలు జబ్బు ఆ రోజు మొదలైంది కాదు. పిక్కల మీద నరాలు మెలికలు తిరిగి తేలి చాలా ఏళ్ళయింది. అడిగినవాళ్ళకు అది బస్తాలు మోసిన బలం అని చెప్పేవాణ్ణి. నేను బస్తా మోసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సాయంత్రమయ్యేసరికి కాలు సీసం పోసినట్టు బరువెక్కేది. చీలమండ చుట్టూ చర్మం నల్లబడి దురద పెట్టేది. నా భార్య సుగుణ చూపించుకొమ్మని అన్నప్పుడల్లా సీజను అయిపోనీ అనేవాణ్ణి. మిర్చి సీజను పోతే పత్తి లెక్కలుండేవి.

హనుమకొండలో వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి పోయాం. చిన్న వయసు మేడమ్. డాప్లర్ స్కాన్ చేయించారు. నన్ను నిలబెట్టి, తొడకు చల్లటి జెల్ పూసి, పిక్కను పిండి వదిలారు. వదిలినప్పుడల్లా మిషన్ బుస్సుమన్నది.

"విన్నరా అంకుల్? పైకెక్కిన రక్తం మళ్ళ కిందికి జారుతాంది. నరంల వాల్వులు తలుపుల లెక్క మూసుకోవాలె, మీకు మూసుకుంటలేవు. లేజర్ తోటి ఆ నరాన్ని మూసేస్తం. రక్తం వేరే మంచి నరాలల్ల నుంచి పోతది."

"ఎన్ని దినాలు పడ్తది మేడమ్? సీజను నడుస్తాంది."

"లేజర్‌కు గంట చాలు. పొద్దున వస్తే సాయంత్రం ఇంటికి పోవచ్చు."

నా చెవులు అక్కడితో మూసుకున్నాయి. మేడమ్ ఇంకా చాలా చెప్పారట. లాగినట్టుండే నొప్పి, కమిలిన నలుపు రెండు మూడు వారాలుంటాయని, కంప్రెషన్ స్టాకింగ్ నెలల తరబడి వేసుకోవాలని, మిగిలిన చిన్న నరాలకు తర్వాత అవి ముడుచుకుపోయేలా స్క్లెరోథెరపీ ఇంజెక్షన్ ఉంటుందని. చీలమండ దగ్గర చర్మం ముందే చెడింది కాబట్టి పుండు పడితే మానడానికి నెలలు పడుతుందని కూడా చెప్పారట. ఇవన్నీ సుగుణ విన్నది.

లేజర్ రోజు నేను నర్సులను నవ్విస్తూ పడుకున్నానని యార్డులో చెప్పాను. నిజానికి తొడ పొడవునా మత్తు సూదులు గుచ్చుతుంటే ఒక నర్సమ్మ చేయి పట్టుకొని విడిచిపెట్టలేదు. "తాతా, నా చెయ్యి కూడ మొద్దువారింది," అని ఆమె అన్నాకే వదిలాను. అయిపోగానే తొడదాకా బిగుతు స్టాకింగ్ తొడిగి వరండాలో నడిపించారు.

"నడవున్రి, ఎంతైనా నడవున్రి. ఒక్క దగ్గర నిలవడొద్దు. కూర్చుంటే కాలు పైన పెట్టుకోవాలె," అన్నారు మేడమ్.

ఇంటికొచ్చాక తొడ లోపల తాడు బిగించినట్టుంది. తొడంతా వంకాయ రంగుకు తిరిగింది. అయినా నడవగలుగుతున్నాను కదా అని వారం తిరగకముందే యార్డుకు పోయాను. సుగుణతో కోటదాకా నడిచొస్తానని చెప్పాను. నడవమని డాక్టరే చెప్పారు కాబట్టి ఆమె ఆపలేదు.

యార్డులో నేను చేసిన తెలివితక్కువ పని మా మిర్చి వ్యాపారులు తప్ప ఇంకెవరూ చేయరు. సరుకు చూడాలంటే మేం కాయను విరిచి, గింజ రంగు చూసి, వేళ్ళతో నలిపి వాసన చూస్తాం. ఆ పొద్దంతా నిలబడి కాయలు విరుస్తూనే ఉన్నాను. పంచె కింద స్టాకింగ్ ఆడవాళ్ళ మేజోడులా కనబడుతుందని సిగ్గేసి దాన్ని చీలమండ దాకా చుట్టి కిందికి తోశాను. ఆ మడతల్లో మిర్చి దుమ్ము చేరింది. చెమట పట్టింది. దురద లేచింది. గోదాం వెనక్కి పోయి ఆ వేళ్ళతోనే గోకాను. మంటకు కండ్లలో నీళ్ళు తిరిగినా చేయి ఆగలేదు. అలా ఒక్కరోజు కాదు, కొన్ని రోజులు.

చీలమండ పైన చర్మం లేచిపోయి, రూపాయి బిళ్ళంత పుండు పడింది. తర్వాత అరచేతిలో సగమైంది. మేడమ్‌తో మంచం కోడు తగిలిందని చెప్పాను. సుగుణ పక్కనే నిలబడి ఉంది.

"ఏ మంచం కోడు? సాక్సు నానవెడితే బకీట్ల నీళ్ళు ఎర్రగైనయి మేడమ్. ఘాటుకు నేను తుమ్మి తుమ్మి చచ్చిన."

మేడమ్ నన్ను తిట్టలేదు. "అంకుల్, నరం సంగతి నేను చూసిన. ఇగ ఈ పుండు సంగతి మీ చేతుల ఉన్నది," అన్నారు.

ఆ తర్వాతి నెలలు ఎలా గడిచాయో రాయాలంటే గొప్పలు రావడం లేదు. వారం వారం దవాఖానకు పోయి డ్రెస్సింగ్, దాని మీద పొరలు పొరలుగా కంప్రెషన్ బ్యాండేజ్ కట్టించుకోవాలి. మధ్యలో రసి ఊరితే ఇంట్లో సుగుణ కడిగి కట్టేది. ఆ వాసనకు నేనే ముఖం తిప్పుకునేవాణ్ణి, ఆమె తిప్పుకోలేదు. కాళ్ళ కింద మడిచిన బొంతలు పెట్టుకొని, గుండె కంటే ఎత్తున కాలుంచి, ఫోనులో తమ్ముడు చెప్పే జెండా ధర వింటూ పడుకునేవాణ్ణి. సీజను అయిపోయింది. యార్డు ఖాళీ అయింది. పుండు మాత్రం మానలేదు.

డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మా బావకు షుగరుతో పాదంలో పుండు పడి, మోకాలి కింద కాలు తీసేశారు. ఆయన నన్ను చూడటానికి చంక కర్రలతో వచ్చాడు. ధైర్యం చెప్పడానికే వచ్చాడు, పాపం. ఆయన పోయాక నేను దుప్పటి తీసి నా కాలును చాలాసేపు చూసుకున్నాను. మర్నాడు మేడమ్‌ను అడిగాను, నాది కూడా తీసేస్తారా అని.

మేడమ్ పాదం మీద నాడి పట్టి చూశారు. "మీ బావగారిది వేరే అంకుల్. కాలుకు రక్తం రాక అట్లయితది. మీ కాలుకు రక్తం మంచిగనే వస్తాంది, తిరిగి పోవుడే సక్కగ లేదు. కట్టు విప్పకుండ, నిలవడకుండ ఉంటే మానుతది."

ఆ రోజు నుంచి కట్టు ముట్టుకోలేదు. పుండు అంచుల నుంచి గులాబీ రంగు చర్మం లోపలికి పాకింది. ఈలోగా మిగిలిన చిన్న నరాలకు స్క్లెరోథెరపీ కూడా అయింది. ఒక ఉదయం సుగుణ కట్టు విప్పి, దూది అద్ది, పొడిగా ఉందని చూపించింది.

ఇప్పుడు పొద్దున మంచం దిగకముందే స్టాకింగ్ తొడుక్కుంటాను. యార్డులో పాట తమ్ముడు పాడతాడు, నేను స్టూలు మీద కూర్చొని, ఎదురుగా బస్తా మీద కాలు పెట్టుకొని వింటాను. కాయలు విరవడం మానేశాను. చీలమండ దగ్గర నలుపు అలాగే ఉంది, అది పూర్తిగా పోదన్నారు.

నా లెక్కన లేజర్‌కు గంట, నొప్పి తగ్గడానికి మూడు వారాలు, పుండుతో కలిపి మొత్తం ఐదు నెలలు పట్టింది. మీకు చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గర ఊరికే ఎన్ని రోజులని అడగకండి. లేజర్‌కెంత, పనికి పోవడానికెంత, చర్మం బాగుపడటానికెంత అని విడివిడిగా అడగండి. విననిది వినడానికి ఇంకొకరిని వెంట తీసుకుపోండి.

ఇది రాసి సుగుణకు చదవమని ఇచ్చాను. ఆమె అద్దాలు పెట్టుకొని మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"పుండు రెండోసారి పగిలింది ఇందుల ఏది?"

"అది చిన్నదేనాయె."

"ఘన్‌పూర్‌ల మనోళ్ళ పెండ్లికి సాక్సు ఇంట్ల వదిలిపెట్టి, పొద్దంత నిలవడి వచ్చినోళ్ళకు దండాలు పెట్టిన్రు. మానిన కాడనే మళ్ళ పగిలింది. మళ్ళ ఎన్ని నెలలు కడిగిన నేను? చదివెటోళ్ళు ఐదు నెలలే అనుకుంటరు. ఏడాది దాటిందని రాయున్రి."

"రాస్త తియ్యి."

ఆమె అద్దాలు తీసి కుర్చీ కిందికి చూసింది.

"గిదంత రాసినంతసేపు కాలు కిందికే ఏలాడేసిన్రు. ముందుగాల కాలు పైన పెట్టున్రి, మళ్ళ రాయున్రి."