వినోద డాలు ఎవరికీ ఇవ్వలేదు

కండక్టర్ ఉద్యోగంలో చేరిన పదేళ్లలో వినోద ఒకచోట కుదురుగా నిలబడింది లేదు. మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ దాకా, కిక్కిరిసిన జనం మధ్య దూరుకుంటూ, బస్సులో ముందుకీ వెనక్కీ తిరుగుతూ టికెట్లు కొట్టడమే పని. అలాంటి మనిషి 2008లో ఆన్‌లైన్ ఆటల్లో పడింది. పెళ్లయిన ఆడదానికి ఆటలేమిటని వాడకట్టు ముక్కున వేలేసుకుంది. పొద్దంతా పేకాడే మగవాళ్లను ఆ మాట ఎవరూ అడగలేదు. వినోద కూడా ఎవరి అనుమతీ అడగలేదు. సెలవు దొరికిన ఆదివారం, వంట ముగించి నేరుగా ఆఫ్షీన్ నడిపే నెట్ సెంటర్‌కు వెళ్లేది.

అక్కడ వాళ్లది ఐదుగురి జట్టు. ఆటలో ఆఫ్షీన్ గాయాలు మాన్పే మంత్రగత్తె. గుండ్లపోచంపల్లి గోదాంలో సూపర్‌వైజర్ రాఘవేందర్ విలుకాడు, జట్టుకు పెద్ద. మరో ఇద్దరు అతని గోదాం దోస్తులు. వినోద ట్యాంక్. అంటే డాలు పట్టుకుని ముందు నిలబడి, శత్రువు కోపమంతా తన మీదికి తెచ్చుకుని దెబ్బలు కాచుకునే పాత్ర.

ఒక ఆదివారం తెర మీద ఎదురుగా డ్రాగన్. నోరు తెరిస్తే మంట, తోక ఊపితే చావు. ట్యాంక్ గోడకు వీపు ఆనించి కదలకుండా ఉంటే, డ్రాగన్ మొహం గోడవైపే ఉంటుంది. మిగిలినవాళ్లు పక్క నుంచి కొడతారు.

వినోద కదిలింది. వేళ్లకు కూడా కాళ్ల అలవాటే వచ్చింది మరి. ఆమె ఎటు నడిస్తే డ్రాగన్ అటు తిరిగింది. మంట జట్టు మీద పడి అందరూ బూడిదయ్యారు.

"అక్కా, గిది సిటీ బస్సు గాదు! అటిటు తిరుగుతవేంది?" రాఘవేందర్ తల పట్టుకున్నాడు.

"ఊకె నిలవడితే కాళ్లు గుంజుతయి తమ్మీ."

"గుంజేది నీ కాళ్లు, సచ్చేది మేము."

రెండోసారీ అంతే అయింది. అతనికి ఓపిక పోయింది. "ఇంకొక్కసారి సూస్త. గిప్పుడు గూడ సస్తే డాలు నాకియ్యి. నువ్వు ఎనకకు పో. ఆడోళ్లకు గదే నయం."

డ్రాగన్ మంట కంటే ఆ మాట ఎక్కువ కాల్చింది. ఊరి పంచాయతీలో, పెళ్లి బంతిలో, ఆఖరికి ఫొటో దిగేటప్పుడు కూడా ఆమె విన్న మాటే అది. వెనక ఉండు.

"ఇడిసెయ్యి వినోదక్కా," అంది ఆఫ్షీన్ మెల్లగా. "గోడకు మేకు గొట్టినట్టు నిలవడుట్ల ఏం మజా ఉంటది?"

వినోద ఆలోచనలో పడింది. నిజమే, ఒకరు చూపించిన చోట నిలబడితే మజా ఏముంది? కానీ కొంపల్లి దగ్గర బస్సు నిండి కాలు మెదపలేని రోజున తను ఏం చేస్తుంది? కడ్డీకీ సీటుకూ మధ్య వీపు ఇరికించుకుని కేకేస్తుంది. పైసలు చేతులు మారుతూ ఆమె దగ్గరికి వస్తాయి, టికెట్లు అలాగే వెళ్తాయి. ఆమె నిలబడ్డ చోటును బట్టే బస్సంతా సర్దుకుంటుంది.

మూడోసారి ఆమె రాఘవేందర్ చూపించిన గోడ దగ్గరికి పోలేదు. రెండు గోడలు కలిసే మూలలో దూరింది. వేళ్లు అలవాటు కొద్దీ మీటలు నొక్కుతూనే ఉన్నాయి. తెర మీది ఆమె డాలు వీరుడు మాత్రం ఇటు ఈ గోడకు, అటు ఆ గోడకు కొట్టుకుని అక్కడే ఉండిపోయాడు!

"తమ్మీ, కుడిపక్కకు జరుగు. ఆఫ్షీన్, నేను కనవడేకాడ ఉండు. తోక దిక్కు ఎవ్వలు పోకుండ్రి, జల్దీ!"

అందరూ జరిగారు. మంటంతా మూలలోకే పోయింది. డాలు కాచింది, ఆఫ్షీన్ మంత్రం ప్రాణం పోసింది, బాణాలు దిగాయి. డ్రాగన్ కూలింది. ఆఫ్షీన్ కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

"మజా వచ్చిందా అక్కా?"

"మస్తొచ్చింది. యాడ నిలవడాల్నో నేనే సూసుకున్న గదా, గందుకు."

రాఘవేందర్ గొంతు సవరించుకున్నాడు. "మరి డాలు..."

"నా కాడనే ఉంటది."

అతను తెర వైపు తిరిగాడు. ఆటలోని రెండో గదిలో ఇంకా పెద్ద డ్రాగన్ కూర్చుని ఉంది. కుర్చీ ముందుకు లాక్కుని, నవ్వాపుకుంటూ అడిగాడు: "సరే అక్కా. గిప్పుడు నన్ను యాడ నిలవడుమంటవ్?"