ఎక్కువ పేలకు

చిన్నప్పుడు నేను తిన్న తిట్లలో సగానికి పైగా ఒకే మాట: పేలకు. మాటకు మాట అప్పజెప్పే పిల్లను నేను. టీచరు బోర్డు మీద తప్పు లెక్క వేస్తే చేయెత్తి చెప్పేదాన్ని. ఇంటికొచ్చిన చుట్టాలు నా రంగు గురించి మాట్లాడితే వాళ్ల రంగు గురించి అడిగేదాన్ని. ‘ఎక్కువ పేలకు’ అని అమ్మ మొట్టికాయ వేసేది. నాయిన మాత్రం నవ్వి, ‘పేలనియ్యవే, నోరున్న పిల్ల యాడనన్న బతుకుతది’ అనేవాడు.

నాయిన పోచంపల్లి వైపు నేతపల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న చీరల దుకాణం పెట్టుకున్నాడు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం ఆ రోడ్డు మీద బాంబులు పేలాయి. అప్పుడే ఆయన చాయ్ తాగడానికి బయటికొచ్చి ఉన్నాడు. ప్రాణం దక్కింది, ఎడమ చెవి పోయింది. ఆయన దవాఖాన నుంచి వచ్చాక మా ఇంట్లో ‘పేలడం’ అన్న మాట కూడా పోయింది. ఎవరూ వద్దని చెప్పలేదు. ఆ సంగతి ఎత్తాల్సి వస్తే ‘గా రోజు’ అనేవాళ్లం. కడాయిలో చప్పుడుకు ఆయన ఉలిక్కిపడుతున్నాడని, తొలి ఏకాదశికి అమ్మ పేలాలు వేయించడం మానేసింది. పేలపిండి లేని పండుగ అలవాటైంది. నన్ను తిట్టడానికి కూడా ‘నోరు ముయ్యి’ వచ్చి చేరింది. నిజం చెప్పాలంటే నాకు పాత తిట్టే ఇష్టం.

బీటెక్ మూడో ఏడులో, ఎల్‌బీ నగర్ నుంచి మెట్రోలో కాలేజీకి పోతూ ఫోన్లో ఒక వ్యాసం చదివాను. అంతరిక్షనౌక వెనక ఒకదాని తర్వాత ఒకటి బాంబులు పేల్చి, ఆ తోపుతో దాన్ని గ్రహాల దాకా నడపాలని ఒకప్పుడు కొందరు శాస్త్రవేత్తలు లెక్కలు కట్టారట. ఆ నౌక ఎగరనే లేదు. అయినా దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లో తలుపులు తెరుచుకుని జనం నన్ను తోసుకుంటూ ఎక్కుతున్నా నేను ఆ పేజీ వదల్లేదు. పేలుడు మనిషిని ఎక్కడికైనా చేర్చగలదని అంతవరకు నాకెవరూ చెప్పలేదు. చాలా కోపం వచ్చింది. ఆ మాటకు ఒక్కటే అర్థం అనుకుని ఇన్నాళ్లు నోరు మూసుకున్నందుకు నా మీద నాకే కోపం.

ఆఖరి ఏడు ప్రాజెక్టుకు డిటోనేషన్ ఇంజన్ ఎంచుకున్నాను. అందులో బాంబులేమీ ఉండవు. ఒక చివర మూసి, ఒక చివర తెరిచి ఉంచిన ఇనుప గొట్టం. లోపల ఇంధనమూ గాలీ కలిసి పేలతాయి. ఆ పేలుడు తెరిచిన వైపు నుంచి దూసుకుపోతూ గొట్టాన్ని ఎదురు దిక్కుకు తోస్తుంది. సెకనులో అలా ఎన్నోసార్లు జరిగితే విమానాన్ని నడపొచ్చు. మామూలు ఇంజన్లలో ఇంధనం మండుతుంది. ఇందులో మంట శబ్దం కన్నా వేగంగా పరిగెత్తి పేలుతుంది. మండటం వేరు, పేలడం వేరు. నా ప్రాజెక్టంతా ఆ తేడాయే.

మా గైడ్ సారు కోస్తావారు. మంచి మనిషి, కాస్త భయస్తుడు. ‘చూడమ్మా, పేలుడనేసరికి మేనేజ్‌మెంట్ కంగారు పడుతోంది. డిటోనేషన్ తీసేసి కంబషన్ అని పెట్టెయ్యి. ఎవరు చూడొచ్చారు?’ అన్నారు.

‘నేను చూస్తాను కద సార్’ అన్నాను.

ఆయన నిట్టూర్చి ఒక కాగితం చేతిలో పెట్టారు. అమ్మాయి పేలుడు పరీక్షలో పాల్గొనడానికి అభ్యంతరం లేదని తండ్రి సంతకం చేయాలి. శుక్రవారం లోపు అది రాకపోతే గొట్టం మూలన పెట్టి, కంప్యూటర్లో బొమ్మలు గీసి ఇచ్చుకోవాలి.

అమ్మ ఉపాయం చెప్పింది. ‘ఉత్త ఇంజనని చెప్పు. మీ నాయినకు ఇంగ్లీషు ఒస్తదా ఏంది, పెట్టేస్తడు.’

‘గట్ల సంతకం తీసుకోనమ్మా.’

‘గా రోజు సంగతి మళ్ల లేపుతవా?’

‘లేపుత’ అన్నాను. నోరు ముయ్యి అంది.

మర్నాడు మధ్యాహ్నం దుకాణానికి వెళ్లాను. ఎవరో విప్పించి చూసి పోయిన చీరలను నాయిన మడత పెడుతున్నాడు. వినిపించేలా ఆయన కుడివైపు కూర్చుని, ఇంజన్‌ను ముందుకు నడిపే పరీక్షకని చెప్పి కాగితం ఇచ్చాను. ఆయనకు ఇంగ్లీషు రాదనుకోవడం అమ్మా నేనూ చేసిన పొరపాటు. ఒక్కో మాట మీదా వేలు జరుపుకుంటూ పోయి, ఎక్స్‌ప్లోషన్ దగ్గర ఆపాడు. ఆయన దవాఖాన కాగితాల మీద ఉన్న మాటే అది. ఆ కాగితాలు పట్టుకుని ఏళ్లపాటు చెవి డాక్టర్ల చుట్టూ తిరిగాడు.

‘ఇంకేది దొరకలేదా బిడ్డా’ అన్నాడు.

ఏడుపొచ్చింది. అంతకన్నా ముందు కోపమొచ్చింది. ‘దొరికినయి. నాకు గిదే కావాలె. గా మాటను వాళ్లకు రాసిచ్చినమా నాయినా? బాంబు పెట్టినోళ్లదేనా అది? మనం పేలాలు తినుడు బంద్ చేసినం. అమ్మ నన్ను సక్కగ తిట్టుడు గూడ బంద్ చేసింది. ఇంకెంత ఇయ్యాలె వాళ్లకు?’

నాయిన చేతిలోని చీర మడత పూర్తి చేసి అరలో పెట్టాడు. దాని అంచు సరిచేశాడు.

‘గట్ల చేస్తే ముందటికి పోతదా?’ అని అడిగాడు. అప్పుడు కూడా ఆ మాట అనలేదు.

‘పోతది. ఒక దిక్కు తెరిచిపెడితే రెండో దిక్కుకు తోస్తది.’

‘తెరువకుంటే?’

‘గొట్టం పగుల్తది.’

‘నేను గూడ ఒస్త’ అని, జేబులోని పెన్ను తీసి తెలుగులో సంతకం పెట్టాడు.

పెద్ద అంబర్‌పేట్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు వెనక ఖాళీ జాగాలో పరీక్ష పెట్టుకున్నాం. ఇసుక బస్తాల గోడ వెనక సారు, నాయిన, నేను. చప్పుడు ఆపే డొప్పలు చెవులకు పెట్టుకోవాలి. ఎడమ చెవికి అక్కర్లేదన్నాడు నాయిన. నేను వినకుండా రెండిటికీ పెట్టాను. మొదటిసారి బటన్ నొక్కితే ఏమీ కాలేదు. రెండోసారి బుస్సుమని మంట వచ్చి ఆరిపోయింది. సారు తన డొప్ప ఒకటి పక్కకు లాగి, ‘చూశావామ్మా, ఇది కంబషనే’ అన్నారు.

మూడోసారి నొక్కాను. పేలింది. షెడ్డు రేకులు అదిరాయి. నాయిన నా మణికట్టు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నాడు. మళ్లీ పేలింది, మళ్లీ, లెక్క తప్పేంత వేగంగా. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. భుజం పట్టి కుదిపాను. కళ్లు తెరిచేసరికి, పట్టాల మీద జరిగేలా అమర్చిన గొట్టం జానెడు ముందుకు జరిగి ఉంది. ఆ జానెడు దూరాన్ని ఆయన అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. చేయి వదలలేదు.

తిరుగు బస్సులో ఆయన కుడిచెవి వైపు కూర్చున్నాను. నోరు ఆగలేదు. జానెడుతో మొదలుపెట్టి విమానాల మీదుగా గ్రహాల దాకా పోయాను. మధ్యలో సారు ముఖం ఎట్లా మాడిపోయిందో చేసి చూపించాను. ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది.

‘జర తక్కువ పేలు బిడ్డా, అందరు సూస్తున్నరు’ అన్నాడు నాయిన.

ఏమన్నాడో అన్నాక గానీ ఆయనకు తెలియలేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అయినా నేను తగ్గలేదు, ఎల్‌బీ నగర్‌లో దిగేదాకా పేలుతూనే ఉన్నాను.