ముక్కాలిపీటకు అటువైపు ఇంగ్లిషు

ఆ రోజుల్లో తెలంగాణ రేపో మాపో వస్తుందని ఊరంతా రోడ్డెక్కి కూర్చుంటే, దాంతోపాటే మా వంశగౌరవం కూడా తిరిగొస్తుందని నేనొక్కణ్ణే ఇంట్లో కూర్చుని నమ్మాను. భూములు పోయాయి, మా దొరల గడి కప్పు కూలింది. మిగిలింది ఒక టేకు కుర్చీ, నా మీసం. (మీసం కూడా ఇంకా పలచనే.) చివరికి జనగామ సేటు ఒకాయన తన ప్రైవేటు బడిలో ఉద్యోగం ఇస్తానంటే, ఆయనకేదో మేలు చేస్తున్నట్టు ఒప్పుకున్నాను. అప్పటికి సమ్మెతో బళ్ళన్నీ మూతపడి ఉన్నాయి. "దేవరుప్పుల దిక్కు తండాల పిల్లలకు రెండు నెలలు ఇంగ్లిషు చదువుడు నేర్పుండ్రి. అమ్మనాయినల ముందట చదివిర్రా, నౌకరీ మీది. లేదా, మీ తొవ్వ మీది" అన్నాడు.

కుర్చీని సైకిలుకు కట్టుకుని వెళ్ళాను. బంద్‌ల వల్ల పుస్తకాల లారీ రాలేదు, ఉన్నది ఒకటే వాచకం. దాన్ని ముక్కాలిపీట మీద నా ముందు పరిచి, బెత్తంతో ఒక్కో మాట చూపించేవాణ్ణి. పిల్లలు పీటకు అటువైపు చాప మీద మోకాళ్ళూని చూసేవారు. మా ఇంట్లో దొర పక్కన కూర్చోవడం, వెనక నిలబడడం లేవు, ఎవరైనా ఎదురుగానే. ఆ పద్ధతి గడి కూలినా నాతో కూలలేదు. పిల్లలు మాత్రం చురుకు. నెలన్నరకే కొత్త పేజీలు కూడా తడుముకోకుండా చదివేశారు. నేను మీసం దువ్వుకున్నాను.

పరీక్షనాడు సేటు వచ్చాడు, తండా అంతా కూడింది. నా మేటి శిష్యురాలు ఏడేళ్ళ పిల్ల. సేటు మేం ముట్టని పేజీ తీసి చేతికిచ్చాడు. ఆ పిల్ల పుస్తకాన్ని గిర్రున తలకిందులు చేసి గడగడా చదివేసింది!

సేటు పుస్తకం సరిగ్గా తిప్పి, "గిట్ల చదువు బిడ్డా" అన్నాడు.

పిల్ల బిత్తరపోయింది. "గిట్ల రాదు సేటూ. గిది ఉల్టా ఉన్నది."

తక్కిన పిల్లలదీ అదే వరస. నా నౌకరీ కళ్ళముందే పోతోంది. అప్పుడు ఆ పిల్ల అవ్వ నడుముకు చేతులు పెట్టుకుని, "పిల్లలదేం తప్పు? దొర కుర్చీ దిగడాయె. ఎదురుంగ కూసున్నోళ్ళకు ఎట్ల కనబడితే అట్లనే నేర్సిర్రు" అంది. తండాకు తండా పగలబడి నవ్వింది.

సేటు కళ్ళు తుడుచుకుని, "చదువైతే వచ్చింది, జర తిప్పాలె గంతే. ఎవర్ని తిప్పుదాం సారూ, పిల్లలనా, మిమ్ములనా? వారం టైమిస్తున్న" అన్నాడు.

మర్నాడు, మా వంశంలో ఎవరూ చేయని సాహసం చేశాను. చాప మీదికి దిగాను. మోకాళ్ళు రెండూ టపటపమన్నాయి. "జర జరుగుండ్రి, సారుకు జాగియ్యండ్రి" అని ఆ పిల్ల పక్కకు జరిగింది. వారానికి పిల్లలు పుస్తకం తిప్పకుండా చదివారు, ఉద్యోగమూ వచ్చింది. కానీ ఆ మొదటి రోజు, ఇంకా కుర్చీ వైపే తిరిగున్న పేజీ మీదికి నేను వంగగానే ఆ పిల్ల నా మొహంలోకి చూసి, మెల్లగా, "ఈడికెళ్ళి మీకు చదవొస్తదా, సారూ?" అని అడిగింది.

"ఎందుకు రాదు!" అన్నాను, వెన్ను నిటారుగా పెట్టి. ఇరవై అయిదేళ్ళ మొనగాణ్ణి. నాకు రానిదంటూ ఉంటుందని అప్పటికింకా ఎవరూ చెప్పలేదు పాపం.